ఆమె సెలవు పెట్టిన రోజు

మా ఆఫీసులో ఏడాది క్రితం చేరిన ఒక అమ్మాయి ఫోనులో ధారావాహిక రాస్తోంది. మధ్యాహ్నం భోజనాల వేళ కుడిచేత్తో పప్పన్నం కలుపుతూనే ఎడమచేతి బొటనవేలితో అక్షరాలు కొడుతుంది. అన్నం చల్లారిపోతుంది కానీ కథ ఆగదు. రాత్రి పది గంటలకల్లా తర్వాతి భాగం పెట్టకపోతే చదివేవాళ్లు అలుగుతారట.

కథ ఇదీ. హైదరాబాదులో పెద్ద కంపెనీ. యజమానికి ముప్పై రెండేళ్లు. అందగాడు, ముక్కోపి, నవ్వడం మరిచిపోయిన మనిషి. తాతల కాలంలో ఎవరో చేసిన పాపానికి వంశాన్ని పట్టుకున్న శాపం ఇతని దాకా వచ్చింది. పొద్దుగూకగానే కుడిచెయ్యి మోచేతి వరకు రాయి అయిపోతుంది. తెల్లవారినా అలాగే ఉంటుంది. కొత్తగా చేరిన అసిస్టెంటు ఒకరోజు కాఫీ కప్పు అందిస్తూ పొరపాటున ఆ చేతిని తాకింది. రాయి కరిగింది. అప్పటినుంచి రోజూ ఉదయం తొమ్మిదింటికి ఆమె వచ్చి చెయ్యి పట్టుకుంటే తప్ప అతను పెన్ను పట్టుకోలేడు.

నలభై ఒక్క భాగాలూ రెండు రాత్రుల్లో చదివేశాను. నిజంగా బాగా రాసింది. రాయి కరిగేటప్పుడు ముందు గోళ్లకి రంగు వస్తుందని, ఆ తర్వాత చిటికెన వేలు ఒక్కటే కదులుతుందని, అది చూసి ఇద్దరూ ఊపిరి బిగబడతారని రాసింది. నేను దీపం ఆర్పేసి పడుకున్నా ఆ చిటికెన వేలు కళ్లముందు కదులుతూనే ఉంది.

మర్నాడు క్యారేజీలు విప్పుకుంటుండగా అడిగాను: "ఇన్ని భాగాల్లో మీ నాయిక ఒక్కరోజు కూడా సెలవు పెట్టలేదేమమ్మా?"

"సెలవు పెడితే ఆయన చెయ్యి ఏం కావాలక్కా?" అంది.

అరగంట విరామంలో దీనికి జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ రాస్తున్నది ఆ జవాబే.

ముందుగా ఒక మాట. ఇలాంటి కథలని చూసి పెదవి విరిచేవాళ్ల పక్షాన నేను లేను. ఉద్యోగానికి వెళ్లే ఆడపిల్ల, ఆమె పైఅధికారి, వాళ్ల మధ్య ప్రేమ అన్నది తెలుగు పాఠకులకి కొత్త సంగతి కాదు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవలని మా అమ్మ, పిన్ని అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకుని, అద్దె పెరగకుండా పగలు ఒకరు, రాత్రి ఒకరు వంతులేసుకుని చదివారట. 1976లో అది అక్కినేని, వాణిశ్రీ జంటగా సినిమా అయ్యింది. అమ్మ నన్ను టైపు నేర్చుకోమని పట్టుబట్టి పంపడం వెనక ఆ నవల ఉందని నా నమ్మకం. పెళ్లికాని ఆడపిల్ల చేతిసంచి తగిలించుకుని బస్సెక్కి వెళ్లి తన జీతం తాను తెచ్చుకోవచ్చన్న ఊహ ఎందరి ఇళ్లలోకో ప్రేమకథ రూపంలోనే వచ్చింది. ఉపదేశంగా వస్తే గుమ్మంలోనే ఆపేసేవాళ్లు.

టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి నెలంతా "ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె" తప్ప మరో లోకం లేదు. లోయర్‌కి నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కి 45. రెండూ పాసై ఉద్యోగంలో చేరిన రోజున నా మనసులో ఏముందో దాచుకోను. కాగితాల్లో తల దూర్చి కూర్చునే ఒక పెద్ద మనిషి, ఏదో ఒకరోజు తలెత్తి నన్ను చూస్తాడని. ప్రేమతో అని కూడా కాదు. చూస్తాడని, అంతే.

అసిస్టెంటు పనిలో ఉన్నవాళ్లకి ఇది తెలుసు. ఆయన టీలో చక్కెర వద్దని మనకి తెలియాలి. ఏ ఫోను వస్తే ఇవ్వాలో, ఏది వస్తే "మీటింగులో ఉన్నారు" అనాలో తెలియాలి. కూతురి పుట్టినరోజు, అత్తగారి తిథి, ఇన్సూరెన్సు కట్టాల్సిన తేదీ, కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడుని బట్టి కోపం పాళ్లు, అన్నీ తెలియాలి. మన గురించి ఆయనకి తెలియాల్సింది ఏమీ లేదు. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను ఏ వైపు నుంచి బస్సు దిగి వస్తానో అడిగిన అధికారి ఒక్కరే.

శాపం ఈ లెక్కని తలకిందులు చేస్తుంది. ఇక్కడే ఆ కథల బలమంతా ఉంది. లోకమంతా ఎవరి సంతకం కోసం బారులు తీరిందో, ఆ మనిషి ఉదయం తొమ్మిదింటికి గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటాడు. ఆమె లేకపోతే అతనికి చెయ్యి లేదు. పదివేలకో పదిహేనువేలకో ఇంట్లోవాళ్లని వదిలి వచ్చి, హాస్టల్లో నలుగురితో గది పంచుకుంటున్న అమ్మాయికి రాత్రిపూట ఆ కథ ఎంత తీపిగా ఉంటుందో నాకు బాగా తెలుసు. ఆ తీపిని నేను కాదనను. నా పేచీ ఆ చెయ్యిని అలా చేసిన శాపం లెక్కతోనే.

నా తగాదా అర్థం కావాలంటే నేను మొదట పనిచేసిన చోటి సంగతి ఒకటి చెప్పాలి. ఊరూ పేరూ అనవసరం. అక్కడి అధికారికి కోపం వస్తే చేతికందినది విసిరేవారు. ఆఫీసంతా దాన్ని ఎండావానల్లా మాట్లాడుకునేది. ఈరోజు సార్ ఎలా ఉన్నారు అంటే, ఈరోజు మబ్బు పట్టిందా అన్నట్టే. "ఆయన జాతకంలో కుజుడు అలా కూర్చున్నాడు" అనేవారు ఒకరు. "ఇంట్లో సుఖం లేదు, పాపం" అనేవారు ఇంకొకరు. పాత అటెండరు నాకు ధైర్యం చెబుతూ, "కొబ్బరికాయ లాంటి మనిషమ్మా. పైన పీచు, లోపల తియ్యని నీళ్లు" అనేవాడు. అందరూ మంచివాళ్లే. అందరూ కలిసి ఆయన కోపాన్ని ఆయన చేతి నుంచి తీసి గ్రహాల మీద పెట్టేశారు.

పదకొండింటికి రక్తపోటు మాత్ర సాసర్లో పెట్టి, పక్కన గోరువెచ్చని నీళ్లు ఉంచడం నా పనుల్లో ఒకటి. ఎవరూ చెప్పలేదు, నా అంతట నేనే మొదలుపెట్టాను. ఒకరోజు ఒక ఉత్తరంలో తేదీ తప్పు పడింది. ఆయన షార్ట్‌హ్యాండు పుస్తకాన్ని నా మీదకి విసిరారు. అట్ట అంచు మణికట్టుకి తగిలి రెండు మట్టిగాజులు పగిలాయి. ఒక ముక్క లోపలికి దిగింది. పక్క సీటు ఆవిడ వచ్చి నేల మీది ముక్కలు ఏరుతూ, "ఏమీ అనుకోకు. మాత్ర వేసుకోలేదేమో" అంది.

ఆ క్షణంలో నేను ఏమనుకున్నానో ఇన్నేళ్ల తర్వాత కూడా గుర్తుంది. నిజమే, ఈరోజు మాత్ర పెట్టడం మరిచిపోయాను అనుకున్నాను. మణికట్టు మీద రక్తం తుడుచుకుంటూ, తప్పు నాదే అనుకున్నాను.

ఆ అమ్మాయి కథలోని శాపం నాకు పరిచయం ఉన్నదే. శాపం అతనిది, పరిహారం ఆమెది. నాన్న కంటి ఆపరేషన్ రోజున ఢిల్లీ నుంచి పెద్దలు వస్తున్నారని నేను సెలవు అడగలేదు. ఇవ్వనన్నారని కాదు, అడగనేలేదు. నేను లేకపోతే ఆ రోజు గడవదని మనసారా నమ్మాను. ఆరేళ్ల తర్వాత వేరే ఉద్యోగం దొరికి మానేశాను. మరో అమ్మాయి వచ్చింది. ఆ ఆఫీసు ఒక్కరోజు కూడా ఆగలేదు.

శాపాల విషయంలో మన కథలు ఎంత జాగ్రత్తగా ఉంటాయో చూడండి. ఎక్కడ జారాయో కూడా చూడాలి.

వ్యాసభారతంలో దుష్యంతుడికి శాపం ఏదీ లేదు. నన్నయ ఆదిపర్వంలోనూ లేదు. శకుంతల కొడుకుని వెంటబెట్టుకుని నిండు సభకి వస్తే, అన్నీ తెలిసి ఉండి ఎరగనంటాడు. ఆమె ఏడ్చి వెనక్కి పోదు. నూరు నూతులకంటే ఒక దిగుడుబావి మేలని, నూరు బావులకంటే ఒక యజ్ఞం, నూరు యజ్ఞాలకంటే ఒక కొడుకు, నూరుగురు కొడుకులకంటే ఒక సత్యవాక్యం మేలని రాజు ముఖం మీదే చెబుతుంది. ఆకాశవాణి పలికాక అతను ఒప్పుకుంటాడు: నాకు తెలుసు, లోకులు ఏమంటారోనని అలా అన్నాను అని. అది పిరికితనం. పిరికితనానికి పేరు పెట్టి చూపించిన కథ అది.

కాళిదాసు నాటకంలోకి వచ్చేసరికి దుర్వాసుడు వచ్చాడు, ఉంగరం వచ్చింది. నాటకం అందం గురించి నేను కొత్తగా చెప్పేది లేదు. కానీ లెక్క ఎలా మారిందో గమనించండి. రాజు ఇక అబద్ధమాడలేదు, మరిచిపోయాడు. మరిచిపోవడానికి కారణం శాపం. శాపానికి కారణం శకుంతల పరధ్యానం, గుమ్మంలోకి వచ్చిన అతిథిని ఆమె పలకరించకపోవడం. అతని తప్పు మెల్లగా చేతులు మారి ఆమె ఒడిలోకి వచ్చి పడింది. నేను సాసరు మరిచిపోవడం, ఆమె ముని పిలుపు వినకపోవడం ఒక్కలాంటివే.

ఇప్పుడు రెండో రకం శాపం. నహుషుడిది.

వృత్రుణ్ని చంపిన పాపానికి జడిసి ఇంద్రుడు ఎక్కడో దాక్కుంటే, ఖాళీగా ఉన్న ఇంద్రపదవిలో దేవతలూ ఋషులూ కలిసి నహుషుణ్ని కూర్చోబెట్టారు. మంచి రాజని పేరున్నవాడే. అక్కడ కూర్చున్నాక శచీదేవి మీద కన్నుపడింది. నేను ఇంద్రుణ్ని, కనుక ఇంద్రుడి భార్య నా దగ్గరికి రావాలన్నాడు. ఈ వాదాన్ని మెల్లగా ఒకసారి చదవండి. కుర్చీతో పాటు మనిషి కూడా వస్తుందని అతని నమ్మకం. ఉద్యోగం చేసే ఆడవాళ్లలో ఈ నమ్మకాన్ని ఏదో ఒక రూపంలో చూడనివాళ్లు తక్కువ.

శచి ఏం చేసింది? బృహస్పతి ఇంట ఆశ్రయం తీసుకుంది. గడువు అడిగింది. ఆ గడువులో దారి వెతుక్కుంది. చివరికి, ఋషులు మోసే పల్లకీలో వస్తే సరేనంది. అతను తపస్సులు పండిన మునుల భుజాల మీద బోయీలకి పెట్టినట్టు పల్లకీ పెట్టించాడు. జనంలో ఉన్న కథ ప్రకారం, ఆలస్యమవుతోందని "సర్ప, సర్ప", అంటే నడు, నడు అంటూ అగస్త్యుణ్ని కాలితో తన్నాడు. సర్పం కమ్మన్నాడు ముని. అయ్యాడు.

నాకు ఈ కథ అంటే ఎంత ఇష్టమో చెప్పలేను. ఈ శాపం వంశపారంపర్యం కాదు, గ్రహచారం కాదు. తనని మోస్తున్నవాళ్లని తన్నిన కాలు ఇక లేకుండా పోయింది. పాముకి కాళ్లుండవు. తప్పు ఎక్కడ జరిగిందో శిక్ష సరిగ్గా అక్కడే పడింది. విమోచనం కూడా చూడండి. అరణ్యపర్వంలో ఆ కొండచిలువ భీముణ్ని చుట్టేస్తే, ధర్మరాజు వచ్చి దాని ప్రశ్నలకి ధర్మం చెప్పాక శాపం తీరింది. తాను కుర్చీ మీదుండగా వినని మాటలని నేల మీద పాకుతూ విని విడుదలయ్యాడు. శచి మాత్రం ఆ అడవికి రాలేదు. పాముని నిమరడం ఆమె పని కాదు.

మా ఆఫీసు అమ్మాయికి దమయంతి సంగతి కూడా చెప్పాను. నలుడు కర్కోటకుడి కాటుతో రూపం మారి, బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి దగ్గర కొలువు చేస్తాడు. ఇక్కడ రూపం పోగొట్టుకున్నవాడు నౌకరు, యజమాని కాదు. దమయంతికి అనుమానం వచ్చింది. వెంటనే పరుగెత్తలేదు. చెలికత్తె కేశినిని పంపి కనిపెట్టమంది. అతను వస్తుంటే చిన్న ద్వారం తనంతట తాను పెద్దదవుతోందని, చూస్తే చాలు కుండలు నీళ్లతో నిండుతున్నాయని కేశిని వచ్చి చెప్పింది. అతను వండినది తెప్పించి రుచి చూసింది. పిల్లల్ని పంపింది, అతను వాళ్లని గుండెలకి హత్తుకుని ఏడ్చాడని వింది. అయినా ఎదుటపడినప్పుడు మొదట అడిగింది, నిద్రపోతున్న భార్యని అడవిలో వదిలిపోయినవాణ్ని ఎక్కడైనా చూశావా అని. కలి తనచేత చేయించాడని నలుడు అన్నాడు. మనందరం ఇళ్లలో వినే మాటే అది. కానీ ఆమె అడగవలసినది అడిగాకే ఆ మాట వచ్చింది. ఆ వరస నాకు ముఖ్యం.

ఫ్రెంచి వాళ్ల మృగం కథ, అదే ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’, కూడా ఈ పక్కనే నిలుస్తుంది. విల్నవ్ అనే ఆవిడ 1740లో రాసిన పెద్ద కథని బోమోంట్ అనే మరో ఆవిడ 1756లో కుదించింది. అందులో శాపం తగిలిన ఆ మృగం తన కోటలో ఉంటున్న అమ్మాయిని రోజూ రాత్రి భోజనమయ్యాక పెళ్లి చేసుకుంటావా అని అడుగుతుంది. ఆమె కాదంటుంది. మృగం నిట్టూర్చి వెళ్లిపోతుంది. మర్నాడు మళ్లీ అడుగుతుంది. కోట దానిది, అన్నం దానిది, బలం దానిది. అయినా ‘కాదు’ అన్న మాట దగ్గర అది ఆగుతుంది. ఇవాళ్టి ధారావాహికల్లో యజమాని అడగడు. మోచెయ్యి పట్టుకుని లిఫ్టులోకి లాగుతాడు. శాపం ఉంది కదా, ఏం చేస్తాడు పాపం అని చదివేవాళ్లు సర్దుకుంటారు.

కల్పనకి చట్టమేమిటి అనేవాళ్లు ఉంటారు. నిజమే, కథకి కమిటీ అక్కర్లేదు. కానీ ఈ కథలు చదివేవాళ్లు ఉదయం లేచి వెళ్లేది నిజం ఆఫీసులకే. పనిచేసే చోట ఆడవాళ్లపై జరిగే లైంగిక వేధింపుల మీద 1997లో సుప్రీంకోర్టు విశాఖ తీర్పు ఇచ్చింది. ఇక్కడ విశాఖ అంటే మన సముద్రతీరం ఊరు కాదు, రాజస్థాన్‌లో ఆ కేసు వేసిన మహిళా సంస్థ పేరు. పదహారేళ్లకి, 2013లో పూర్తి చట్టం వచ్చింది. పది మంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలని, మామూలుగా మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వవచ్చని అది చెబుతుంది. ఉద్యోగంలో మేలు చేస్తానని ఆశ చూపడం, ఉద్యోగం గురించి బెదిరించడం కూడా వేధింపు కిందకి రావచ్చని అందులో రాసి ఉంది. నా గాజులు పగిలిననాటికి ఈ చట్టం లేదు. ఉన్నా నేను వెళ్లేదాన్ని కాదేమో. ‘పాపం’ అనుకున్నవాడి మీద ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. నేను కథల గురించి ఇంత పట్టుదలగా మాట్లాడటానికి కారణం అదే. చట్టం కమిటీ గది తలుపు తెరిచి పెడుతుంది. ఆ తలుపు దాకా నడిచే కాళ్లని మాత్రం మనం చిన్నప్పటినుంచీ విన్న కథలే నడిపిస్తాయి, లేదా ఆపేస్తాయి.

ప్రేమ అంటే మాన్పడమే కదా అక్కా అని ఆ అమ్మాయి అడిగింది. అవును. మా ఆయన జ్వరంలో ఉంటే నుదుటి మీద తడిగుడ్డ నేను వేస్తాను, నాకొస్తే ఆయన వేస్తారు. అందులో జీతం లేదు, హాజరుపట్టీ లేదు. తొమ్మిదింటికి రాకపోతే జీతం కోసే మనిషి చెయ్యిని రోజూ మాన్పుతున్నప్పుడు అందులో ప్రేమ ఎంతో, ఉద్యోగభయం ఎంతో ఆ పిల్లకే తెలియదు. అది తెలుసుకునే వీలు కథ ఆమెకి ఇవ్వాలి. ఒక్కరోజు రాకుండా ఉండి చూస్తేనే అది తెలుస్తుంది.

అందుకే ఆ అమ్మాయికి రెండు మాటలు చెప్పాను. ఆ శాపాన్ని తాత మెడలోంచి తీసి అతని మెడలో వెయ్యి. కుడిచెయ్యి రాయి అయిందంటే, ఆ చెయ్యి ఏదో చేసి ఉండాలి. ఏ కాగితం మీద సంతకం పెట్టింది, ఎవరి పొట్ట కొట్టింది, అది కథలో రాయి. ఇక రెండోది, ఆమెకి సెలవు ఇప్పించు. నేను నాన్న దగ్గరికి వెళ్లని రోజు సంగతి కూడా అప్పుడే చెప్పాను. తను అన్నం తినడం ఆపేసి వింది.

వారం తర్వాత నలభై రెండో భాగం పెట్టేముందు నాకు చూపించింది. సాయంత్రం ఆరున్నర. చెయ్యి అప్పటికే రాయి అయిపోయింది. ఆమె బల్ల మీద సెలవు చీటీ పెడుతుంది. నాన్నకి కంటి ఆపరేషన్, రెండు రోజులు. అతను చదువుతాడు. "రేపు తొమ్మిదింటికి..." అని మొదలుపెట్టి ఆగిపోతాడు. ఆమె మాట్లాడదు. అతను పెన్ను క్యాపుని పంటితో లాగి, ఎడమచేత్తో సంతకం పెడతాడు. సంతకం గీత దిగి కిందకి జారిపోతుంది. సిరా ఆరేదాకా ఆమె అక్కడే నిలబడి, కాగితం మడిచి సంచిలో పెట్టుకుని దీపాలు ఆర్పకుండానే వెళ్లిపోతుంది.

"మర్నాడు తొమ్మిదింటికి అతను ఏం చేస్తాడో తోచడం లేదక్కా. మీరయితే ఏం రాస్తారు?" అని అడిగింది.

"అతని సంగతి తర్వాత చూద్దువుగాని. రెండో రోజు తొమ్మిదింటికి ఆసుపత్రిలో నాన్న కంటికి కట్టు విప్పుతారు కదా, ఎదురుగా ఆమె నిలబడి ఉంటుంది. ముందు అది రాయి" అన్నాను.